క్రిస్మస్ కార్డు దగ్గర మన ఫ్లెక్సీ నేర్చుకోవలసింది



పోయిన ఏడు సెమీ క్రిస్మస్‌కి పెంటపాడులో మా మందిరం ముందు కట్టిన ఫ్లెక్సీ సంగతి ముందుగా చెప్పాలి. ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. మన యౌవనస్థులు తాడేపల్లిగూడెం వెళ్ళి రెండు పూటలు షాపులో కూర్చుని దగ్గరుండి వేయించుకొచ్చారు. కుడివైపు మా ఇద్దరి ఫోటో నడుము దాకా. ఎడమవైపు ఆ రోజు వాక్యం చెప్పడానికి వచ్చే దైవజనుల ఫోటో. కింద వరుసగా పదకొండు గుండ్రాలు, గుండ్రానికొక దాత. పై మూలల్లో బెలూన్లు, గంటలు, శాంతాక్లాజు, రెండు జింకలు. వీటన్నిటి మీదా మంచు రాలుతోంది. చూసి మేము కూడా సంతోషించాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, మా ఫోటో బాగా వచ్చిందనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మా సంఘంలో అందరికంటే పాత విశ్వాసి అయిన ఒక మామ్మ ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది. "బాగుందా మామ్మా?" అని అడిగాం.

"బాగుందండి అయ్యగారూ. అమ్మగారి చీర కూడా బాగా పడిందండి. మరి బాబేడండి?" అంది.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోటో వేయించలేదేమని అడుగుతోందనుకున్నాం. వాడికి ఈసారి సెలవు దొరకలేదు మామ్మా అని చెప్పబోయాం కూడా. అప్పుడర్థమైంది ఆమె ఏ బాబు గురించి అడుగుతోందో.

ఆయన లేకపోలేదు. వెతికితే దొరికాడు. శుభాకాంక్షలు అన్న పెద్ద అక్షరాల వెనక పశువుల తొట్టి సగం కనిపిస్తోంది, అందులో బొటనవేలంత బాలయేసు. ఇంకా దగ్గరికెళ్ళి చూస్తే మరొకటి బయటపడింది. పై వరుసలో క్రీస్తు పేరు, కింది వరుసలో మా పేరు. వరుసల మధ్య ఎడం చాలక మా పేరులోని గుడి పైకెళ్ళి క్రీస్తు పేరులోని తవత్తును తొక్కుతోంది. సత్రంలో ఆయనకు చోటు దొరకలేదన్న సంగతి లూకా సువార్త 2వ అధ్యాయం తీసి ప్రతి డిసెంబరులోనూ చెబుతాం. ఆ సత్రం యజమానిని ఎన్ని ప్రసంగాల్లో తిట్టామో. (అసలు ఆ అధ్యాయంలో యజమాని ఊసే లేదు, అది వేరే సంగతి.) నలభై ఎనిమిది చదరపు అడుగులు మా చేతిలో ఉండి మేమిచ్చిన చోటు ఎంతో ఆ ఫ్లెక్సీయే చెప్పింది.

అందుకని ఈ ఏడు కాస్త ముందుగానే రాస్తున్నాం. మన మందిరాలకు ఫ్లెక్సీలు, కరపత్రాలు, వాట్సాప్‌లో పంపే శుభాకాంక్షలు తయారుచేసే పిల్లలు పాత క్రిస్మస్ కార్డుల దగ్గర కూర్చుని పాఠం నేర్చుకోవాలని మా అభిప్రాయం. వాటిలోని బొమ్మలు ఎత్తుకు రమ్మని కాదు. ఆ పని ఎప్పుడో చేశాం, ఆ జింకలు అలా వచ్చినవే. నేర్చుకోవలసింది వాటి పొందిక.

మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా కార్డులున్నాయి. శివకాశిలో అచ్చయిన తళుకు కార్డులు, యూనిసెఫ్ కార్డులు, క్రై సంస్థ కార్డులు, చేతులు లేని చిత్రకారులు నోటితోనూ కాలితోనూ కుంచె పట్టి వేసిన బొమ్మల కార్డులు. వీటికన్న పాతవి కొన్ని ఉన్నాయి. మా చిన్నతనంలో సండే స్కూలుకి మానకుండా వచ్చిన పిల్లలకి బహుమానంగా ఇచ్చేవారు. ఎక్కడో విదేశంలో ఒకరు ఇంకొకరికి పంపుకున్నాక, ఆ సంఘాల వాళ్ళు పోగుచేసి మిషనుకి పంపిన వాడేసిన కార్డులు అవి. కొన్నిటికి వెనక సగం కత్తిరించి ఉంటుంది. కత్తిరించని వాటిలో తెలియని చేతిరాత. ఆ రాత చదవడం రాకపోయినా దానిమీద వేలు పెట్టి రాసుకుంటూ పోయేవాళ్ళం. తర్వాత అమ్మలు వాటిని పురికొసకు గుచ్చి మందిరంలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టేవారు. గాలికి అవి తిరుగుతుంటే ఒకసారి బొమ్మ, ఒకసారి ఆ రాత కనిపించేది.

ఈ కార్డు అనేదాని మొదలు చాలామందికి తెలియదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి, పండక్కి అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చువేయించాడు. రంగులు చేత్తో అద్దారు. ఒక్కోటి షిల్లింగు. అంటే మనం వాట్సాప్‌లో ఒకే బొమ్మను నూరుమందికి తోసేయడానికి తాతముత్తాత ఆ కార్డే. దానిలో పశువుల తొట్టి లేదు, నక్షత్రం లేదు. మధ్యలో ఒక కుటుంబం బల్ల దగ్గర కూర్చుని ద్రాక్షారసం తాగుతోంది. పసిపిల్లకి కూడా గ్లాసు అందిస్తున్నారు, అందుకని మద్యపాన వ్యతిరేకులు అప్పుడే కోప్పడ్డారు. బొమ్మలో యేసుప్రభువుకు చోటు లేకపోవడం మనతో మొదలైన జబ్బు కాదన్నమాట. అయినా ఆ కార్డును పూర్తిగా కొట్టిపారేయలేం. విందు చేసుకునేవాళ్ళకు అటూ ఇటూ రెండు చిన్న బొమ్మలున్నాయి. ఒకదానిలో ఆకలిగొన్నవారికి అన్నం పెడుతున్నారు, మరొకదానిలో బట్టలేనివారికి బట్ట ఇస్తున్నారు. కార్డులో మూడు గదులుంటే రెండు పేదలవి. మన ఫ్లెక్సీలో పదకొండు గుండ్రాలున్నాయి. పేదలకి ఒక్కటీ లేదు.

ఇక పొందిక సంగతి. కార్డుకు మడత ఉంటుంది. అన్నిటికంటే పెద్ద పాఠం ఆ మడతే. పైన ఒక బొమ్మ, అంతే. తెరిస్తే లోపల ఒక్క మాట. ఆ మాట కింద పంపినవాళ్ళ సంతకం. అచ్చువేసినవాడి పేరు, బొమ్మ గీసినవాడి పేరు వెనకవైపు కింద చీమ తలకాయంత అక్షరాల్లో. నాలుగు ముఖాలు, నాలుగు పనులు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాతో, ఏది చూడకపోయినా ఫరవాలేదో కార్డే చెబుతుంది. ఫ్లెక్సీకి మడత లేదు కాబట్టి అన్నీ ఒకే ముఖం మీద కుక్కుతున్నాం. మడత లేకపోతే మడత ఉన్నట్టు ఆలోచించాలి. దారిన సైకిల్ మీద పోయేవాడు చూసేది ఒకటి, ఆగి నిలబడినవాడు చదివేది ఒకటి, లోపలికి వచ్చినవాడికి చెప్పేది ఒకటి. మూడోది ఫ్లెక్సీ మీద అక్కర్లేదు. గేటు లోపల నోటీసు బోర్డు మీద పెట్టొచ్చు.

రెండోది వెలుగు. మా పెట్టెలో ఒక కార్డు మీద ఇటలీ చిత్రకారుడు కొరెజ్జియో సుమారు 1530లో పూర్తిచేసిన క్రీస్తు జనన చిత్రం ఉంది. అసలు చిత్రం జర్మనీలో డ్రెస్డెన్ నగరపు చిత్రశాలలో ఉంది. అంతా చీకటి. దీపం లేదు, కాగడా లేదు. తొట్టిలోని బిడ్డ నుంచే వెలుగు వచ్చి తల్లి ముఖం మీద పడుతుంది. పక్కనున్న ఆవిడ ఆ వెలుగు తట్టుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఎవరు ఎంత దగ్గరగా ఉంటే వాళ్ళ ముఖం అంతగా కనబడుతుంది. ఒక్క వాక్యమైనా రాయకుండా ఆ చిత్రకారుడు ప్రసంగం చేశాడు. మన పిల్లలు పిక్సెల్‌ల్యాబ్‌లో చేసేదేమిటి? ప్రతి అక్షరానికీ వెలుగు, ప్రతి ఫోటో చుట్టూ వెలుగు. అన్నీ వెలిగితే ఏదీ వెలగదు. సంక్రాంతి తీర్థంలో లైట్ల దుకాణంలా ఉంటుంది. ఈసారి ఒక్కచోట నుంచే వెలుగు రానివ్వండి అని మా పిల్లలకు చెప్పాం. "మరి మిగతావి కనబడవు కదండీ" అన్నాడు ఒకడు. అవునురా బాబూ, అంతే కావాలి.

మూడోది అక్షరాలు. ఇంగ్లీషు కార్డుల్ని చూసి ఇది నేరుగా నేర్చుకోలేం, ఎందుకంటే మన అక్షరానికి పైనా కిందా కూడా సామాను ఉంటుంది. క్రీస్తు అని రాయండి: పైన గుడి దీర్ఘం, కింద క్రావడి, పక్క అక్షరం కింద తవత్తు. వరుసకూ వరుసకూ మధ్య ఇంగ్లీషుకు చాలిన ఎడం మనకు చాలదు. అక్షరం చుట్టూ లావుపాటి అవుట్‌లైన్ పెడితే వత్తులు పూడుకుపోతాయి. జాగా నింపడానికి అక్షరాన్ని అడ్డంగా సాగదీస్తే సున్నా కాస్తా కోడిగుడ్డవుతుంది. షాపులవాళ్ళు ఏళ్ళ తరబడి అను ఫాంట్ల మీదే నడుపుతున్నారు, వాళ్ళను తప్పుపట్టేదేమీ లేదు. కాని సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, ఫోనులోనే వేసుకోవచ్చు. ఒక ఫ్లెక్సీకి ఒక ఫాంటు, మహా అయితే రెండు. పోయినేడు మేం ఆరు వాడాం, లెక్కపెట్టాం.

ఇప్పుడు మంచు దగ్గరికి వద్దాం. కార్డుల మీద అంత మంచు ఎందుకుందంటే వాటిని గీసినవాళ్ళ ఊళ్ళలో డిసెంబరులో మంచు కురుస్తుంది కాబట్టి. వాళ్ళు తమ వాకిలే గీశారు. బేత్లెహేముని తమ ఊరికి తెచ్చుకున్నారు. మనం వాళ్ళ వాకిలిని అరువు తెచ్చుకుని మన గుమ్మానికి కట్టుకుంటున్నాం. విచిత్రమేమిటంటే మన భాషలో ఆకాశం నుంచి రాలేదీ మంచే, తెల్లారగట్ల ఏలూరు కాలువ గట్టు మీద కమ్మేదీ మంచే. క్రిస్మస్ రోజు తెల్లవారుజామున ఆరాధనకు వచ్చేవాళ్ళు ఆ రెండో మంచులో నుంచే వస్తారు. పది అడుగుల అవతల మనిషి కనబడడు, పాట మాత్రం వినబడుతుంది. ఇంతకంటే ఏం కావాలి బొమ్మకి? పైగా కార్డుల్లో ఆ తెలుపు చేసే పనిని గమనించండి. సగం కార్డు మంచు పేరుతో ఖాళీ. ఆ ఖాళీ వల్లే మూలనున్న చిన్న గుడిసె, దాని కిటికీలో దీపం కంటికి ఆనుతాయి. మనవాళ్ళు మంచు రేణువుల్ని మాత్రం తెచ్చి, ఖాళీని అక్కడే వదిలేశారు.

ఇక్కడ గీసుకోవడానికి ఏమీ లేదని ఎవరూ అనకండి. క్రిస్మస్ నాటికి మన సీమలో సార్వా కోతలైపోయి గడ్డివాములు లేస్తాయి. తొట్టిలో పరచడానికి గడ్డి ఏ యూరపు నుంచీ తెచ్చుకోనక్కర్లేదు. మన మందిరాల్లో క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టేది సరుగుడు కొమ్మే కదా. దాని సన్నటి ఆకు గీత ఎంత అందంగా ఉంటుందో! బొమ్మలో మాత్రం ఎప్పుడూ చూడని పైన్ చెట్టు వేస్తాం. నరసాపురం లేసు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు మొదలుపెట్టిన ఆ అల్లిక మీద ఎన్నో ఇళ్ళు బతికాయి, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన సంఘాల్లోని అక్కచెల్లెళ్ళ వేళ్ళకు తెలిసిన ఆ డిజైను కన్నా మంచి అంచు ఏ వెబ్‌సైటులో దొరుకుతుంది?

కొల్లేటి గూడబాతు సంగతి చెప్పకుండా ఉండలేం. కైకలూరు దగ్గర ఆటపాకలో, చెట్ల మీదా అటవీశాఖ నిలబెట్టిన ఇనుప మంచెల మీదా అవి గూళ్ళు పెట్టి పిల్లల్ని సాకే కాలం ఈ చలికాలమే. సండే స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాం. 102వ కీర్తనలో ఆ పక్షి ఊసు ఉంది. అంతకన్నా ముఖ్యం, యూరపులోని పాత దేవాలయాల్లో గూడబాతు క్రీస్తుకు గుర్తు. తన రొమ్ము పొడుచుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని వాళ్ళు నమ్మి రాళ్ళ మీద చెక్కుకున్నారు. పక్షి నిజంగా అలా చేయదు. అయినా గూడబాతులు కంటికి కరువైన ఊళ్ళవాళ్ళు దాన్ని గుర్తుగా పెట్టుకుంటే, వేలకొద్దీ కళ్ళముందు ఎగిరే మనం జింకల్ని అతికించుకుంటున్నాం.

కొందరు సహోదరులకు ఇక్కడ ఒక అనుమానం వస్తుంది, మాతో అన్నారు కూడా: స్థానికం అంటూ మొదలుపెడితే అన్యాచారాలు లోపలికి వస్తాయేమోనని. వాళ్ళ భయం ఊరికే పుట్టినది కాదు, దాన్ని మేం ఎగతాళి చేయం. కాని డోర్నకల్ వెళ్ళి చూడండి. అజరయ్య బిషపుగారు, ఆంగ్లికన్ సంఘంలో బిషపు అయిన మొదటి భారతీయుడు, అక్కడ కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడుల పోలిక, మసీదుల పోలిక, చర్చి పోలిక మూడూ ఆ కట్టడంలో కలిసి కనిపిస్తాయి. సిలువ, తామరపువ్వు పక్కపక్కన ఉంటాయి. ఆయనకంటే మనం ఎక్కువ విశ్వాసులమని చెప్పుకోగలమా? పైగా శాంతాక్లాజుకి ఎవరూ ఈ పరీక్ష పెట్టలేదు. ఆయన్ని అడగని ప్రశ్న గూడబాతును ఎందుకు అడగాలి?

ఇక అసలు చిక్కు, ఆ పదకొండు గుండ్రాలు. ఇది రాయడానికి కొంచెం సంకోచించాం. ఈ ఏడు ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఉండదని సంఘ పెద్దల కూటంలో చెప్పాం, మాది కూడా. మాది తీసేయమని చెబుతున్నప్పుడు లోపల చివుక్కుమంది, ఒప్పుకుంటాం. యోహాను సువార్త 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను తాను తగ్గాలన్నాడని ఎన్నిసార్లు చెప్పామో, ఫోటో తగ్గాల్సి వచ్చినప్పుడు గాని అది ఎంత బరువో తెలియలేదు. ఏటా ప్రేమవిందుకి బియ్యం ఇచ్చే ఒక సహోదరుడు కూటం అయ్యాక ఇంటికి వచ్చాడు. "నాకోసం కాదండి అయ్యగారూ. మా నాన్నగారి పేరు మీద ఇస్తున్నాం. ఆయన ఫోటో ఏడాదికోసారి ఊరు చూస్తే మా అమ్మకి ఆనందం" అన్నాడు. ఈ మాటకు మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. మత్తయి సువార్త 6వ అధ్యాయం తీసి కుడిచెయ్యి, ఎడమచెయ్యి చెప్పొచ్చు. ఆ తల్లి ముఖం తలుచుకుంటే చెప్పబుద్ధి కాలేదు.

చివరికి జవాబు మళ్ళీ కార్డులోనే దొరికింది. యూనిసెఫ్ వాళ్ళ మొదటి కార్డు కథ ఇది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చెకోస్లోవాకియాలో ఆ సంస్థ సాయం అందుకున్న ఒక ఊళ్ళో జిత్కా సామ్‌కోవా అనే ఏడేళ్ళ పిల్ల, కాగితం లేక, గాజు పలక మీద బొమ్మ వేసింది. స్తంభం చుట్టూ పిల్లలు ఆడుతున్న బొమ్మ. అది 1949లో కార్డు అయింది. ఇచ్చినవాళ్ళ ఫోటో లేదు అందులో. అందుకున్న పిల్ల సంతోషం ఉంది. ఇచ్చినవాళ్ళకు దక్కిన కృతజ్ఞత అదే. అలా మేం ఆ సహోదరుడితో అన్నాం: ఫ్లెక్సీ వద్దు, ఒక కార్డు చేద్దాం. ప్రేమవిందు తిన్న పిల్లల్లో ఒకరు గీసిన బొమ్మ పైన, లోపల నాన్నగారి పేరు, పిల్లల సంతకాలు. అది అమ్మకి చేతికిస్తాం. ఆయన అవుననలేదు, కాదనలేదు. "అమ్మనడిగి చెప్తానండి" అని వెళ్ళాడు. బియ్యం సంగతి ఇంకా తేలలేదు. వస్తే సంతోషం, రాకపోతే ఈసారి పులిహోర చేసుకుంటాం, అందరం తలా గ్లాసుడు బియ్యం తెచ్చుకుని.

అమెరికాలో బోస్టన్‌లో కార్డులు అచ్చువేసే లూయీ ప్రాంగ్ అనే ఆయన 1880లో కార్డు బొమ్మలకు పోటీ పెట్టాడు. మేమూ సండే స్కూలులో పోటీ పెట్టాం. ఆయనలా డాలర్లు ఇవ్వలేం, రంగు పెన్సిళ్ళ పెట్టె ఇస్తున్నాం. షరతులు మూడే: ఒకే బొమ్మ, ఒకే వెలుగు, సగం కాగితం ఖాళీ. ఖాళీ దగ్గరే పిల్లలకు కష్టంగా ఉంది. ఒక పాప ఖాళీ ఉంచాక తోచక దాని నిండా నక్షత్రాలు పెట్టింది. ఇంకొక పిల్లవాడు గడ్డివాము పక్కన గేదెను వేసి, దాని ముందు తొట్టి వేసి, బిడ్డ మీద వాళ్ళమ్మ చీర ముక్క కప్పాడు. ఆ చీరకు లేసు అంచు ఉంది. మేం చెప్పలేదు, వాళ్ళమ్మ అల్లుతుంది. దేవుడు బెసలేలును ఆత్మతో నింపి చేతిపని నేర్పాడని నిర్గమకాండము 31వ అధ్యాయంలో చదివేటప్పుడు ఏ పెద్ద శిల్పినో ఊహించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ పిల్లవాడి పెన్సిలు కూడా గుర్తొస్తోంది. ఫ్లెక్సీ ఆ బొమ్మతోనే వేయిద్దామని మా ఉద్దేశం. యౌవనస్థులు ఇంకా జింకల కోసం ఒక మాట వేస్తూనే ఉన్నారు.

మీ ఇళ్ళలో పాత క్రిస్మస్ కార్డులు ఉంటే పారేయకండి, చిత్తుకాగితాల బండికి వేయకండి. డిసెంబరు మొదటి ఆదివారంలోగా మందిరానికి పంపండి. వెనకాల చేతిరాత ఉన్నవైతే మరీ మంచిది, కత్తిరించవద్దు. పురికొస మేం కొనిపెట్టాం.